బెత్తెడు ఎత్తు

ఫిబ్రవరి 3

అన్నయ్యకి,

మొన్న నువ్వు ఫోను ఠక్కున పెట్టేశాక అమ్మ నాకు చేసింది. మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటే మధ్యలో నా బుర్ర వాచిపోతోంది, ఇకమీదట ఉత్తరాలు రాసుకోండి అని తీర్పు చెప్పేసింది. చిన్నప్పుడూ ఇదే శిక్ష కదా. నువ్వా గదిలో, నేనీ గదిలో కూచుని కాగితాల మీద తిట్టుకుని, తలుపు కిందనుంచి తోసుకునేవాళ్ళం. నా తిట్లలో తప్పులు దిద్ది మరీ వెనక్కి పంపేవాడివి. అందుకని ముందే చెబుతున్నా, ఈసారి ఎర్ర పెన్ను ముట్టుకోకు.

ఇక్కడ యార్డులో పనిలోకి దిగాను. ఓడ అడుగున రెండు రేకుల మధ్య దూరి వెల్డింగు చెయ్యాలి. భారీ మనుషులు పట్టని సందులవి. నన్ను చూడగానే ఫోర్మన్ మొహం వెలిగిపోయింది. నేను పొట్టిగా ఉన్నందుకు ఒకరు సంతోషించడం నాకు తెలిసి ఇదే మొదలు. గది పరవాలేదు. క్రేన్ నడిపే ఆవిడా నేనూ ఉంటాం. ఆవిడకి రోజంతా పైనుంచి అందర్నీ చూసే అలవాటు కాబట్టి, కింద గదిలో కూడా అందరి సంగతులూ కావాలి.

ఇక బండి. ఒప్పందం ఇంకోసారి రాస్తున్నా, తర్వాత నాకు గుర్తులేదంటావు. నాన్న షెడ్డులో ఆ కారు కిట్టులో మిగిలిన పెట్టెలు విప్పి, ఒక్కొక్క ముక్కా బిగించి బండిని నిలబెట్టేది నువ్వు. జూన్లో కార్ల క్లబ్బువాళ్ళ పందెంలో నడిపేది నేను. రోల్‌బార్ మాత్రం నా చేతి పని. సర్టిఫికెట్ ఉన్న వెల్డరే దాన్ని చెయ్యాలని క్లబ్బు రూలు, పైగా గొట్టాలు వంచే మంచి మిషను ఇక్కడే ఉంది. సీటు వెనక ఆ ఇనుప గొట్టం దేనికే అని అమ్మ అడిగింది. బండి బోల్తా కొడితే నేల దానికి తగలాలి, నా తలకి కాదు అన్నాను. ఆవిడకి చెప్పకూడని మాట చెప్పాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నాకు హెల్మెట్ పెట్టించి, సీట్లో కూచోబెట్టి నువ్వు తీసిన కొలత నా పర్సులోనే ఉంది. పని కుదురుకోగానే మొదలుపెడతాను.

స్టీరింగు నువ్వు లాక్కుంటావేమోనన్న భయం నాకెలాగూ లేదు. నాన్న వ్యాను తీసుకెళ్ళి బ్రెడ్డు కొట్టు గోడకి గుద్దిన మనిషివి. ఆ కొట్టాయన ఇప్పటికీ నిన్ను చూస్తే షట్టరు దించుతాడని చెప్పి అమ్మ నవ్వింది.

వైరింగు ఎవరిచేత చేయిస్తున్నావు? నువ్వు మాత్రం పెట్టుకోకు. ఇంట్లో కాలింగ్ బెల్లు నువ్వు బాగుచేసినప్పట్నుంచీ అది నొక్కితే వంటింట్లో దీపం ఆరిపోతోంది.

ఇట్లు,
డ్రైవరు


ఫిబ్రవరి 17

పొట్టీ,

ఎర్ర పెన్ను ముట్టుకోలేదు. నీలం పెన్నుతో దిద్ది నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇంజను చట్రంలోకి దించాను. పాత కారులోంచి తీసిన ఇంజను ఇందులో సులువుగా కూర్చుంటుందని కిట్టు పుస్తకంలో రాశారు. నా అనుభవంలో ఏదీ సులువుగా కూర్చోదు. బోల్టు కన్నాలు వెంట్రుకవాసి తేడాగా ఉన్నాయి. వాటిలో దూర్చడానికి వాళ్ళిచ్చిన బుష్షులు పక్కన పడేసి, మా వర్క్‌షాపులో లేతు మీద నేనే కొత్తవి తిప్పుకున్నాను. మా సూపర్‌వైజరు చూసి, ఇది కంపెనీ పనేనా అన్నాడు. కంపెనీ పని ఇంత జాగ్రత్తగా ఎవరు చేస్తారండీ అన్నాను. ఒక బుష్షు చేతిలోకి తీసుకుని చూసి వెళ్ళిపోయాడు.

వైరింగు గురించి నీకు దిగులక్కర్లేదు. బస్సు డిపోలో ఎలక్ట్రీషియను ఒకామె ఉంది, మా షాపు మోటార్లు కాలిపోతే ఆమే వచ్చి చూస్తుంది. అడగ్గానే ఒప్పుకుంది. ఎంత పొడుగంటే మన షెడ్డు తలుపు దగ్గర తల వంచి లోపలికి రావాలి. అమ్మ ఆమెని చూసిన నిమిషానికే, ఆమె మొహం మీదే, నిచ్చెన అని పేరు పెట్టేసింది. నేను సిగ్గుతో చచ్చాను. ఆమె మాత్రం నవ్వేసి, పై అరలోంచి ఏమైనా దించాలా అండీ అని అడిగింది. అమ్మ నిజంగానే పాత ఊరగాయ జాడీ ఒకటి దింపించుకుంది.

వైర్లన్నీ కలిపి, జడ అల్లినట్టు, మైనం దారంతో కట్టింది. అంత శుభ్రమైన పని నేనింతవరకూ చూడలేదు. నీ స్టూలు ఆమెకి మరీ పొట్టిదైతే దాని కాళ్ళ కింద నాలుగు ఇటుకలు పెట్టుకుంది. ఇప్పుడు అందరికీ బాగుంది, నేను కూడా దానిమీదే కూచుంటున్నాను.

చలిలో పని చేస్తున్నావు, చెవులకి గుడ్డ కట్టుకో. అమ్మ చెప్పమంది, నేను కాదు.

అన్నయ్య


మార్చి 1

గజంబద్ద గారికి,

"ఇంతవరకూ చూడలేదు" అన్నమాట. చట్రానికి ముక్కుదగ్గర అతుకులన్నీ ఎవరు వేశారో గుర్తుందా? అప్పుడు నువ్వు వేలితో తడిమి, ఊఁ పరవాలేదు అన్నావు. నీ నోటినుంచి పరవాలేదు అనిపించుకోవడానికి నేను రెండు రాత్రులు నిద్ర మానేశాను. ఎవరో వచ్చి నాలుగు వైర్లకి దారం చుడితే నీకు ముచ్చట వచ్చేసింది.

నాకు కడుపు మండింది. దాచుకోవడం ఎందుకు, ఉత్తరంలో మొహం కనబడదు కదా.

ఆ స్టూలు నాది. నాన్న నాకోసం కాళ్ళు కోసి పొట్టి చేసిన స్టూలు. దానికింద ఇటుకలా? ఉత్తరం చదివి మా క్రేన్ ఆవిడకి చెబితే, ఇటుకలు పెట్టుకున్న మనిషి ఉండిపోవడానికే వచ్చిందమ్మా అంది. ఆవిడ మాటలు నేను పట్టించుకోను గానీ, అన్నం తింటున్నంత సేపూ అవే మాటలు నమిలాను.

ఆమెకి కార్లంటే ఇష్టమా? పందేలు చూస్తుందా? ఆమె ఎత్తు ఎంత? ఊరికే అడుగుతున్నా.

ఒక చెడ్డ కబురు. ఓడ పని వెనకబడింది, సెప్టెంబరు దాకా ఎవరికీ సెలవు లేదంటున్నారు. జూన్‌కి నేను రావడం కష్టమే. ఫోర్మన్ కాళ్ళా వేళ్ళా పడుతున్నాను. కుదరకపోతే ఏముంది, బండిని గుడ్డ కప్పి ఉంచు, సెప్టెంబరు పందెంలో దిగుదాం. మూడేళ్ళు ఆగాం, మూడు నెలలు ఆగలేమా. ఆ కారు మొదటిసారి పందెంలోకి దిగినప్పుడు అందులో నేనుండాలి. నాకు ఇంకేం అక్కర్లేదు, అదొక్కటి కావాలి.

ఇటుకలు తీసెయ్యి.

నీ చెల్లెలు, ఇంకా


మార్చి 16

పొట్టీ,

ఇటుకలు తీసేశాను. నిచ్చెన డిపోనుంచి తన స్టూలు తెచ్చుకుంది. సంతోషమేనా?

పని బాగా సాగుతోంది. ఇంజను మొదటిసారి అంటుకుంది. షెడ్డులో పొగ, అమ్మ పరుగెత్తుకొచ్చి కుట్టుమిషను మీదున్న గుడ్డలన్నీ మసయ్యాయని తిట్టింది, అంతలోనే ఇంకోసారి స్టార్టు చెయ్యి అంది. మూడుసార్లు చేయించుకుంది. పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి, లారీ కొన్నారా అని అడిగాడు.

బాడీకి రంగు వేశాం. పసుపు అనుకున్నాం గానీ పసుపు మీద ప్రతి గీతా కనబడుతుందని నిచ్చెన అంది, నిజమే అనిపించింది. ముదురాకుపచ్చ వేశాం. ఆదివారాలు ఇద్దరం ఆమె కారులో డిపో వెనక మైదానానికి వెళ్తున్నాం. ఎండ తగ్గేదాకా ఉండి, బన్ను తిని, టీ తాగి వస్తున్నాం. చాన్నాళ్ళకి గాలి తగిలింది నాకు. అమ్మ కూడా సంతోషపడుతోంది.

రెండు చిన్న మార్పులు. పెడళ్ళ పెట్టె బెత్తెడు ముందుకి జరిపాను, బ్రేకు సిలిండరుకి చోటు చాలక. నువ్వు కూచున్నప్పుడు మళ్ళీ వెనక్కి జరపొచ్చు, బోల్టులే కదా. రోల్‌బార్ కూడా నేను తీసిచ్చిన పాత కొలత కంటే బెత్తెడు ఎత్తు పెంచి చెయ్యి. హెల్మెట్ పైన నాలుగు వేళ్ళ సందు ఉండాలని రూలు, కాస్త ఎక్కువుంటే ఎవరికైనా మంచిదే.

జూన్‌కి బండి తయారైపోతుంది. తయారైన బండిని గుడ్డ కప్పి ఎందుకు పెట్టడం? ఆలోచించు. ఇది నీమీద కోపంతో అంటున్నది కాదు.

అన్నయ్య


మార్చి 25

మహారాజశ్రీ అన్నగారికి,

వేశాం, వెళ్తున్నాం, ఇద్దరం. చదువుతున్నాను, చదువుతున్నాను, మన ఇంట్లో ఇద్దరంటే ఎవరా అని. ఇదివరకు ఆ మాటలో నేనుండేదాన్ని.

నాకు బుర్ర లేదనుకుంటున్నావా? పెడళ్ళు ముందుకి జరిగాయి. రోల్‌బార్ పైకి లేచింది. ఆదివారం ఖాళీ మైదానంలో కారు. బ్రేకు సిలిండరుకి చోటు చాలలేదట. ఆ సిలిండరు నేనుండగానే బిగించాం, అప్పుడు సరిపోయిన చోటు ఇప్పుడెందుకు తగ్గింది? కాళ్ళు పొడుగైన మనిషి ఒకామె వచ్చింది కాబట్టి. నా బండిని ఆమె ఒంటికి కుడుతున్నావు. అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్ళలాగ, ఇక్కడ కాస్త వదులు చెయ్యండి, అక్కడ కాస్త పొడుగు చెయ్యండి.

నిన్న అమ్మతో మాట్లాడాను. నిచ్చెన మన ఇంటిమనిషిలా కలిసిపోయిందే అంది. ఫోను పెట్టేసి యార్డు గేటుదాకా నడిచి, గేటు వేసుంటే మళ్ళీ వెనక్కి నడిచాను. ఎందుకు నడిచానో నాకే తెలీదు.

ఆమెని నువ్వు ఇష్టపడితే ఇష్టపడు. పెళ్ళి చేసుకో, నేనే ముందు వరసలో కూచుంటాను. వదినా అని పిలుస్తాను, కావాలంటే ఇటుకలు కూడా నేనే మోస్తాను. కానీ ఆ సీటు నాది. మొదటిసారి ఆ బండిని నడిపేది నేను. ఆ మాట నువ్వు ఇచ్చావు, ఎవరూ నీ గొంతుమీద కూచుని ఇప్పించలేదు.

సూటిగా అడుగుతున్నా. జూన్లో ఆ బండి ఎవరు నడుపుతారు?

పేరు అక్కర్లేదు, ఎవరు రాశారో తెలుసు


ఏప్రిల్ 9

చెల్లెమ్మకి,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

పొద్దున్నుంచి సాయంత్రందాకా లేతు దగ్గర నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ ఆ బండి కింద పడుకునేది నేను. చేతులు పగిలింది నావి. నువ్వు అక్కడ కూచుని స్టూలు నాది, బండి నాది, సీటు నాది అని చిట్టా చదువుతున్నావు. మరి నాది ఏది? ఒక్కసారైనా ఆలోచించావా?

నిచ్చెన మన ఇంటి అన్నం ఒక్క పూట తిన్నదీ లేదు, ఒక్క మాట నీగురించి తేలిగ్గా అన్నదీ లేదు. నీ ఉత్తరాల్లో ఆమెనిలా ఆడిపోసుకుంటుంటే నాకు సిగ్గుగా ఉంది.

జూన్లో ఎవరు నడుపుతారు అని అడిగావు. నువ్వు రాలేవు కదా. ఎవరో ఒకరు నడుపుతారు. ఆమే నడిపిందనుకో, తప్పేముంది? బండి నేలమీద ఆగి ఉండడంకన్నా ఎవరు నడిపినా మంచిదే కదా. నువ్వు సెప్టెంబరులో వచ్చి నీ ఇష్టమొచ్చినట్టు నడుపుకో.

రోల్‌బార్ మే నెలాఖరుకల్లా కావాలి. బెత్తెడు పెంచి. మర్చిపోకు.

అన్నయ్య


మే 27

అన్నయ్యకి,

ఈ ఉత్తరంతోపాటే లారీలో రోల్‌బార్ వస్తుంది. ఆలస్యమైంది, పందేనికి రెండు రోజుల ముందు చేరుతుందేమో. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

కొలత చూసుకునే చేశాను. ఇంత మంచి అతుకులు నేనెప్పుడూ వెయ్యలేదు. ఇన్‌స్పెక్టరు ఓడ మీద కూడా ఇంత పని చూడలేదని సంతకం పెట్టాడు. కింద రేకులకి కన్నాలు వేసి పంపాను, తిన్నగా బిగించుకోవడమే.

నీ డ్రైవరుకి నా తరపున మంచి జరగాలని చెప్పు.

మా గదిలో కిటికీ అద్దం పగిలింది. అట్ట అడ్డం పెట్టుకున్నాం. క్రేన్ ఆవిడ ఊరెళ్ళింది. మాట్లాడేవాళ్ళు లేరు.

వెల్డరు


జూన్ 6

పొట్టీ,

బండి పరుగెత్తలేదు.

మనం ఊహించుకున్నట్టే తీసుకెళ్ళాం. నిచ్చెన డిపోనుంచి ట్రాలీ అడిగి తెచ్చింది. తనిఖీ దగ్గర వరసలో నిలబడ్డాం. చూసేది ఒక ముసలాయన, గొంతు పెంచని మనిషి. బ్రేకులు చూశాడు. వైరింగు చూసి ఎవరు చేశారని అడిగాడు. నీ అతుకుల మీద వేలు పెట్టి అటూ ఇటూ నిమిరాడు, తోటివాళ్ళని పిలిచి చూపించాడు. నేను గర్వంతో నిలబడ్డాను. తర్వాత డ్రైవరుని ఎక్కమన్నాడు. హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది నేను.

అవును, నేనే.

ఆయన రోల్‌బార్ మీంచి బండి ముందు భాగానికి ఒక పొడుగాటి బద్ద ఆనించాడు. నాలుగు వేళ్ళ సందు ఉండాల్సిన చోట అది నా హెల్మెట్ మీద కూచుంది. నేను కిందకి జారాను, మెడ ముడుచుకున్నాను, మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి. ఆయన బద్ద తీసేసి, మెల్లిగా నా చెవిదగ్గరకి వంగి, "ఇది ఇంకెవరికో చేసిన బండి బాబూ" అన్నాడు.

వెనక వరసలో వాళ్ళందరూ చూస్తుండగా దిగాను. ఒకడు నవ్వాడు. బండిని నలుగురం చేత్తో తోసుకుంటూ బయటికి తెచ్చాం. ఇంజను స్టార్టు చెయ్యాలని కూడా నాకు తోచలేదు.

మా షాపులో ఎవరు బోల్టు ఇచ్చినా నేను కొలవకుండా వాడను, నీకు తెలుసు. లారీ వచ్చిన సాయంత్రం కొలిచి బిగిద్దాం అని నిచ్చెన అంది. మా చెల్లెలు చేసింది, కొలవక్కర్లేదు అన్నాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. నిచ్చెన నడపాలని ఎప్పుడూ అనుకోలేదు. నేలమీద ఈడ్చుకుంటూ పోయే బండి నాకొద్దు, బస్సు ఎత్తే నాకు నయం అంటుంది. ఆదివారాలు మైదానంలో స్టీరింగు పట్టుకున్నది నేను. పక్క సీట్లో కూచుని నేర్పింది ఆమె. మొదటి రెండు వారాలూ నాకు బ్రెడ్డు కొట్టు గోడే కనబడేది. తర్వాత కనబడ్డం మానేసింది. మొన్న ఏప్రిల్లో ఒక మలుపు సరిగ్గా తిప్పాను. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేక అమ్మకి గిన్నెలు తోమిపెట్టాను.

నువ్వు కార్టింగులో, ఆ చిన్న బళ్ళ పందెంలో, మొదటి కప్పు తెచ్చిన రోజు గుర్తుందా? జనమంతా నీ చుట్టూ ఉన్నారు. నేను నీ బండి కింద పడుకుని చైను విప్పుతున్నాను. ఎవరో నా కాలు తట్టి, డ్రైవరమ్మకి మీరేమవుతారు అని అడిగారు. అప్పట్నుంచీ నాకు నీమీద కుళ్ళు. నీ చేతుల్లో ఏదో ఉందని నాన్న అనేవాడు, నా చేతుల గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నీకోసం సంతోషం లేక కాదు. రెండూ ఉండేవి.

ఆమె నడుపుతుందని నువ్వు అనుకున్నావు. నేను కాదనలేదు. ఆమెమీద నువ్వు మండిపడితే నాకు పోయేదేం లేదు. నేను నడుపుతానంటే నువ్వు నవ్వేదానివి, అది తట్టుకోలేననిపించింది. ఆమెని అడ్డం పెట్టుకున్నాను. ఆ మాట ఆమెకీ చెప్పాను, నాలుగు రోజులుగా షెడ్డుకి రావడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. బెత్తెడు పెంచమని రెండుసార్లు రాశాను. పొరపాటు జరిగిందా?

అన్నయ్య


జూన్ 15

అన్నయ్యా,

పొరపాటు కాదు.

పర్సులోంచి నా కొలత తీసి, దాని ప్రకారమే గొట్టం వంచాను. నీ ఉత్తరం రెండుసార్లూ చదివాను, రెండుసార్లూ అర్థమైంది. ఆమె హెల్మెట్ పెట్టుకుని ఎక్కుతుంది, అందరి ముందూ దించేస్తారు, తల వంచుకుని వెళ్ళిపోతుంది అనుకున్నాను. వెల్డింగు చేస్తున్నంతసేపూ అదే ఊహించుకున్నాను. అందుకే అతుకులు అంత బాగా వచ్చాయి. కావాలని ఆలస్యంగా పంపాను, సరిచేసుకునే టైము లేకుండా.

తనిఖీలో ఎలాగూ ఆపుతారు, ఎవరి ప్రాణానికీ ఏమీ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక, ఆ ముసలాయనకి ఆ రోజు జ్వరం వచ్చి ఇంట్లో పడుకుని ఉంటే అని ఆలోచించాను. ఏదో మలుపులో బండి పల్టీ కొడితే, నేలకి ముందు తగిలేది నీ తల. ఆ రోజు వెల్డింగు టార్చి కింద పెట్టేశాను. ఒంట్లో బాగాలేదని చెప్పి గదికి వచ్చేశాను.

ఎత్తు పెంచితే ఆ రోల్‌బార్ కింద నువ్వూ ఇముడుతావు, నేనూ ఇముడుతాను. తగ్గిస్తే నేనొక్కదాన్నే ఇముడుతాను. ఇది లెక్కలు రాని వాళ్ళకి కూడా తెలుస్తుంది. నాకు మొదటిరోజే తెలుసు.

కొలవక్కర్లేదు అన్నావట. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నువ్వు తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు నడుపుతున్నావని తెలిసి నేను నవ్వలేదు. నవ్వొస్తే బాగుండునని చూశాను, రాలేదు. ఏమొచ్చిందో చెప్పనా? ఆమెమీద వచ్చినదానికన్నా పెద్ద మంట. ఆమె నడిపితే నా సీటు పోతుందనుకున్నాను, అంతే. నువ్వే కట్టి నువ్వే నడిపితే ఇక నేనెందుకు? నీ చేతికి అన్నీ వచ్చు. నాకు ఆ ఒక్కటే వచ్చు. నాన్న నీ చేతుల గురించి ఏమీ అనలేదన్నావు. ఇంట్లో ఏది విరిగినా ఆయన నాతో ఒకటే మాట అనేవాడు, అన్నయ్యకి ఇవ్వు అని. ఒక్కసారి కూడా నాకు ఇవ్వమనలేదు. నేను వెల్డింగు ఎందుకు నేర్చుకున్నాననుకున్నావు?

నిచ్చెనకి నేను వేరే ఉత్తరం రాశాను. ఏం రాశానో నువ్వు అడగకు. మర్యాదగానే రాశాను. స్టూలు వాడుకోమన్నాను.

కొత్త గొట్టం తీసుకుని వంచాను. బెత్తెడు పెంచాను, ఇంకో వేలి మందం కూడా కలిపాను. నా జీతంలోంచే, ఏమీ అనకు. అతుకులు మొదటి దానంత అందంగా లేవు. గట్టిగా ఉన్నాయి.

సెప్టెంబరు పందెం నువ్వే నడుపు. మాట వెనక్కి తీసుకోను. నేను మాత్రం రాను. వస్తే కంచె దగ్గర నిలబడి, నీకు మలుపు తప్పాలని కోరుకుంటాను. పైకి చప్పట్లు కొడుతూనే లోపల అదే కోరుకుంటాను. నా సంగతి నాకు బాగా తెలిసింది ఈ మధ్య. అలాంటి మనిషి అక్కడ ఉండకూడదు.

చెల్లెలు


జూలై 2

పొట్టీ,

రోల్‌బార్ వచ్చింది. కొలిచాను. కొలుస్తున్నంతసేపూ ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది, అయినా కొలిచాను. సరిగ్గా ఉంది. పాతదాన్ని షెడ్డులో గోడకి తగిలించబోతే అమ్మ ఒప్పుకోలేదు, పాతసామాన్ల వాడికి ఇచ్చేసింది. నిచ్చెన మళ్ళీ వస్తోంది. నాతో ముభావంగా ఉంది, నీ గురించి మాత్రం మంచిగా మాట్లాడుతోంది. నువ్వేం రాశావో చెప్పమంటే నవ్వుతోంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కోపం వచ్చింది. నిజంగా వచ్చింది, రెండు వారాలు ఉంది, ఇంకా కాస్త ఉంది. ప్రాణంతో ఆడుకునే పని చేశావు, అది ఆమెదైనా నాదైనా ఒకటే. ఆ మాట ఒక్కసారి రాసి వదిలేస్తున్నాను. నేనూ ఆమెని అడ్డం పెట్టుకుని నీ చేత ఆ పని చేయించినవాడినే.

నాన్న నీతో అలా అనేవాడని నాకు తెలీదు.

సెప్టెంబరు పందెం నాకు ఇచ్చావు. వద్దులే, నువ్వే నడుపు అంటానని ఎదురుచూస్తున్నావేమో. అనను. ఇచ్చావు, తీసుకున్నాను. పెడళ్ళు అక్కడే ఉంచాను.

కానీ నువ్వు రావాలి. రానంటే కుదరదు. అమ్మ వస్తుంది, నిచ్చెన వస్తుంది, మా షాపువాళ్ళు వస్తారు. నేను నత్తలా నడిపినా వాళ్ళు బాగుందంటారు, వాళ్ళ మాట నాకేం పనికొస్తుంది? ఆ మలుపు నేను సరిగ్గా తిప్పానో లేదో తెలిసేది నీ ఒక్కదానికే. నువ్వు కంచె దగ్గర పళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంటేనే నాకు తెలుస్తుంది.

రా. వచ్చి కుళ్ళుకో. ఆ తర్వాత పందెం నీది, పెడళ్ళు నేనే వెనక్కి జరిపి ఇస్తాను. అప్పుడు అదే కంచె పట్టుకుని నేను నిలబడతాను, పైకి చప్పట్లు కొడుతూ, నీకు మలుపు తప్పాలని కోరుకుంటూ.

అన్నయ్య